కింగ్‌స్టన్ పేద పేటల్లో పిల్లల క్లబ్బులు: కొన్ని ఎందుకు నిలబడతాయి, కొన్ని ఎందుకు మూతపడతాయి

సంక్షిప్తంగా: జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని పేద పేటల్లో పిల్లల కోసం నడిచే సేవా క్లబ్బులకు పెట్టుబడి కంటే రోజువారీ నిర్వహణే గట్టి పరీక్ష. క్లబ్ ఏ వీధిలో ఉంది, ఏ వేళకు తెరుస్తుంది, లోపల రోజూ కనిపించే పెద్దవాళ్లు ఎవరు అన్న మూడు విషయాల మీదే ఫలితం చాలావరకు ఆధారపడుతుంది. విరాళాలు ఎక్కువగా వేడుకలకూ వస్తువులకూ వస్తాయి. ఖర్చు మాత్రం గ్యాసుకూ గిన్నెలకూ గౌరవ వేతనాలకూ అవుతుంది. ఈ రెండింటి మధ్య పొంతన కుదరకపోవడమే మూతపడటానికి ప్రధాన కారణం.

2025 అక్టోబర్ 28న మెలిస్సా తుపాను ఐదో కేటగిరీ బలంతో జమైకా నైరుతి తీరాన్ని తాకింది. ఆ తరువాత ఆ దేశంలోని పేద పిల్లలకు ఏదైనా చేయాలన్న ఆలోచన చాలా దేశాల్లో చాలామందికి కలిగింది. కరీబియన్ దీవుల మెడికల్ కాలేజీల్లో చదువుతున్న తెలుగు విద్యార్థులకూ, అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ ప్రాంతం ఇప్పుడు మరీ దూరమేమీ కాదు. సాయం చేయాలన్న మనసు మంచిదే. అయితే అక్కడి పేటల్లో పిల్లల క్లబ్ నడపడమంటే ఏమిటో తెలియకుండా పంపిన సాయం ఎక్కువగా గోదాముల్లోనే ఉండిపోతుంది.

వీధి మధ్య గీతలు

కింగ్‌స్టన్ పటం చూస్తే ట్రెంచ్ టౌన్, డెన్హమ్ టౌన్, టివోలీ గార్డెన్స్, ఆర్నెట్ గార్డెన్స్ పక్కపక్కనే ఉంటాయి. పది నిమిషాల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్లవచ్చు. కానీ అక్కడ పుట్టి పెరిగిన పదేళ్ల పిల్లవాడు ఆ పది నిమిషాల దూరం నడవలేడు. కారణం రాజకీయ చరిత్రలో ఉంది.

1962లో స్వాతంత్ర్యం వచ్చాక రెండు ప్రధాన పార్టీలూ, అంటే జమైకా లేబర్ పార్టీ, పీపుల్స్ నేషనల్ పార్టీ, ప్రభుత్వ గృహనిర్మాణాన్ని ఓటుబ్యాంకు సాధనంగా వాడుకున్నాయి. 1960ల నడుమ బ్యాక్ ఓ వాల్ అనే మురికివాడను కూల్చి టివోలీ గార్డెన్స్ కట్టారు. ఇళ్లు లేబర్ పార్టీ మద్దతుదారులకు దక్కాయి. 1970లలో ఆర్నెట్ గార్డెన్స్ ఎదుటి పార్టీకి కోటగా మారింది. ఇలాంటి పేటలను అక్కడ ‘గ్యారిసన్’ అంటారు. 1980 ఎన్నికల ఏడాదిలో దాదాపు 800 మంది హతమయ్యారు. తరువాతి దశాబ్దాల్లో పార్టీల పట్టు సడలి, ఆయుధాలూ మాదకద్రవ్యాల డబ్బూ చేతిలో ఉన్న స్థానిక ‘డాన్’ల పట్టు పెరిగింది. 2010 మేలో ఒక డాన్‌ను పట్టుకోవడానికి భద్రతా దళాలు టివోలీలోకి వెళ్లినప్పుడు దాదాపు 70 మంది పౌరులు చనిపోయారు. ఆనాడు ఆ వీధుల్లో ఉన్న పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులు.

అందువల్ల చోటు ఎంపిక క్లబ్ భవిష్యత్తును సగం తేల్చేస్తుంది. అద్దె తక్కువని ఒక వీధి లోపల గది తీసుకుంటే, రెండు పార్టీల పేటలను విడదీసే కనిపించని గీతకు అవతలి పిల్లలు ఎప్పటికీ రారు. వాళ్ల తల్లులు పంపరు. సాధారణంగా కుదిరే చోట్లు మూడు: రెండు పక్కల పిల్లలూ ఇప్పటికే చదువుతున్న ప్రాథమిక పాఠశాల, పెద్దరోడ్డు మీద గుమ్మం ఉన్న చర్చి హాలు, లేదా క్లినిక్ ఆవరణ. గుమ్మం ఎటు తెరుచుకుంటుందన్నది కూడా ముఖ్యమే. ఒకే భవనానికి రెండు వీధుల వైపు గేట్లుంటే రెండూ తెరవాలి. లేదంటే ఒక వైపు పిల్లలు చుట్టూ తిరిగి పరాయి వీధిలోంచి రావలసి వస్తుంది.

రంగులకూ అర్థం ఉంది. ఆకుపచ్చ లేబర్ పార్టీ రంగు, నారింజ నేషనల్ పార్టీ రంగు. గోడకు మిగిలిపోయిన ఆకుపచ్చ పెయింట్ వేసినా, దాత పంపిన నారింజ టీషర్టులు పిల్లలకు తొడిగినా, క్లబ్ ఫలానా పార్టీదన్న మాట వారంలో పేటంతా పాకుతుంది. పసుపు, నీలం, తెలుపు అయితే ఇబ్బంది లేదు. నియోజకవర్గ నిధి నుంచి ఎంపీ డబ్బిస్తానన్నప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. తీసుకోకూడదని కాదు. ఆయన ఫొటో ఉన్న బ్యానర్ గేటుకు కట్టకుండా తీసుకోగలరా అన్నదే ప్రశ్న.

తెరిచే ముందు

పేటలో ఇంటింటికీ తిరగడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదట స్కూలు ప్రిన్సిపాల్, తరువాత పాస్టర్, నర్సు, మూల మీద దుకాణం నడిపే ఆవిడ, ఫుట్‌బాల్ కోచ్. కుళాయి ఏ రోజుల్లో రాదో, ఏ వీధిలో పగలు కూడా కాల్పులు జరుగుతాయో, ఏ ఇంట్లో నలుగురు పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉన్నారో వీళ్లకు తెలుసు. తల్లి అమెరికాకో కెనడాకో ఇంగ్లండుకో పనికి వెళ్లి, బట్టలూ తిండీ పెద్ద పీపాల్లో నింపి పంపే కుటుంబాలు జమైకాలో చాలా ఉన్నాయి. ఆ పిల్లలను ‘బ్యారెల్ చిల్డ్రన్’ అంటారు. పైకి చూస్తే వాళ్లకు మంచి బూట్లుంటాయి. సాయంత్రం హోంవర్క్ చూసే మనిషి ఉండదు. బూట్లు చూసి పేదరికాన్ని కొలిచే క్లబ్బులకు ఈ పిల్లలు అసలు కనిపించరు.

డాన్ అనుమతి అడగాలా అన్న ప్రశ్న ప్రతి కొత్త నిర్వాహకుడికీ వస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు వెళ్లి అడగరు. అలాగని దాచిపెట్టరు కూడా. పేట సమావేశం పెట్టి, ఏం చేస్తారో, ఏ వేళల్లో చేస్తారో, ఏం చేయరో అందరి ముందూ చెబుతారు. కబురు చేరాల్సిన చోటికి అదే చేరుతుంది. అతని డబ్బు మాత్రం తీసుకోకూడదు. ఒక్క క్రిస్మస్ విందుకు తీసుకున్నా, ఆ తరువాత అతని మనుషులు గదిని ఒక రాత్రి వాడుకుంటామంటే కాదనడానికి నోరు ఉండదు.

ట్రీటు వేరు, క్లబ్ వేరు

జమైకాలో ‘ట్రీట్’ అనే ఆచారం బలంగా ఉంది. క్రిస్మస్‌కో, సెప్టెంబరులో బడి తెరిచే ముందో, ఎవరో ఒకరు వీధిలో స్పీకర్లు పెట్టి, పిల్లలకు అన్నం, కోడికూర, ఐస్‌క్రీం, స్కూలు బ్యాగులు పంచుతారు. రాజకీయ నాయకులు చేస్తారు, కంపెనీలు చేస్తాయి, చర్చిలు చేస్తాయి, డాన్‌లూ చేస్తారు. ట్రీటు తప్పేమీ కాదు. బడి మొదలయ్యే వారంలో బ్యాగు దొరకడం ఆ కుటుంబానికి నిజంగానే ఊరట. చిక్కు ఎక్కడంటే, దాతలు క్లబ్‌ను కూడా ట్రీటుగానే చూస్తారు. ఫొటోకు అందేది పంపకం. ఫలితం కనిపించేది 30 వారాల తరువాత.

ఈ తేడాను ఒక పరిశోధన సూటిగా చూపింది. 1986-87లో కింగ్‌స్టన్ పేద పేటల్లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసివాళ్లను నాలుగు గుంపులుగా విడదీశారు. వాళ్ల వయసు 9 నుంచి 24 నెలలు. ఒక గుంపుకు వారానికి ఒక కిలో పాలపొడి ఆహారం ఇచ్చారు. ఇంకో గుంపు ఇళ్లకు శిక్షణ పొందిన స్థానిక ఆరోగ్య సహాయకులు వారానికి ఒక గంట వెళ్లి, తల్లితో కలిసి బిడ్డను ఆడించారు. మూడో గుంపుకు రెండూ అందాయి, నాలుగోదానికి ఏదీ అందలేదు. ఇలా రెండేళ్లు సాగింది. ఆడించడానికి వాడిన బొమ్మలు కొన్నవి కావు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, అట్టపెట్టెలు, గుడ్డ ముక్కలతో చేసినవి. ఇరవై ఏళ్ల తరువాత చూస్తే, ఇంటి దగ్గర ఆ ఆటలు అందిన పిల్లల సంపాదన మిగతావాళ్ల కంటే సుమారు 25 శాతం ఎక్కువ. 2014లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పాలపొడి మాత్రమే అందిన గుంపులో అంతకాలం నిలిచిన ప్రభావం కనిపించలేదు. ఇదే పద్ధతిని తరువాత బంగ్లాదేశ్‌లోనూ, మన పక్కనున్న ఒడిశాలోని కటక్ బస్తీల్లోనూ అమలుచేసి చూశారు.

దీన్నిబట్టి తిండి అక్కర్లేదని అనుకోకూడదు. జమైకా గ్రామీణ బడుల్లోనే 814 మంది పిల్లలతో జరిపి 1998లో అచ్చయిన మరో అధ్యయనంలో, రోజూ ఉదయం ఉపాహారం పెట్టిన పిల్లల హాజరు పెరిగింది, చిన్న తరగతుల వాళ్లకు లెక్కలు మెరుగయ్యాయి. రెండింటినీ కలిపి చదివితే తేలేది ఇది: తిండి పిల్లను గదిలోకి తెస్తుంది, అదే మనిషి అదే వేళకు మళ్లీ మళ్లీ కూర్చోవడం ఆమెను ముందుకు నడుపుతుంది. బడ్జెట్‌లో ఈ రెండో పద్దును కోసేసిన క్లబ్ మెల్లగా అన్నదాన సత్రంగా మారిపోతుంది.

రెండున్నర నుంచి ఐదున్నర వరకు

ప్రాథమిక బడులు మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో వదులుతాయి. డిసెంబరులో కింగ్‌స్టన్‌లో సూర్యుడు ఐదున్నరకే అస్తమిస్తాడు, జూన్‌లో ఆరూ ముప్పావు దాటుతుంది. చీకటి పడ్డాక పిల్లలు ఇంటికి నడవకూడదు కాబట్టి చలికాలంలో ఐదింటికే వదిలేయాలి. ఈ చిన్న లెక్క చూసుకోకుండా ఏడాది పొడవునా ఆరు వరకు అని ప్రకటించిన చోట, నవంబరు వచ్చేసరికి సగం మంది పిల్లలు మానేస్తారు.

ఒక గదికి 40 మంది పిల్లలు, నలుగురు పెద్దలు, ఒక వంటమనిషి. ఇంతకు మించితే అది ఆటస్థలం అవుతుంది. క్రమం ఇలా ఉంటే నడుస్తుంది: రాగానే చేతులు కడుక్కుని హాజరు, పావుగంటలో తిండి, తరువాత 45 నిమిషాలు చదవడం, అరగంట హోంవర్క్, ఆ తరువాతే ఆట. ఆటను ముందు పెడితే చదువు దగ్గరికి ఎవరూ తిరిగి రారు. తిండిని చివర పెడితే ఖాళీ కడుపుతో చదివిస్తున్నట్టే.

శుక్రవారం సంగతి వేరే చెప్పాలి. జమైకా బడుల్లో శుక్రవారం హాజరు పడిపోతుంది. వారం చివరికి ఇంట్లో భోజనం డబ్బులు, బస్సు డబ్బులు అయిపోతాయి. సంతపని కూడా ఆ రోజే ఉంటుంది. ప్రభుత్వం 2000ల ఆరంభంలో తెచ్చిన ‘పాత్’ పథకం పేద కుటుంబాలకు నగదు ఇస్తుంది, కానీ పిల్లల హాజరు 85 శాతం ఉండాలి. వారానికో శుక్రవారం పోతే హాజరు 80 శాతమే అవుతుంది. అంటే అవసరం ఎక్కువున్న ఇల్లే నగదు పోగొట్టుకునే ప్రమాదంలో పడుతుంది. చాలా క్లబ్బులు సోమవారం నుంచి గురువారం వరకు నడిచి శుక్రవారం సెలవు పెడతాయి. ఇది తిరగేయాల్సిన పద్ధతి. నాలుగు రోజులే నడపగలిగితే బుధవారం మూసి, శుక్రవారం ఉదయం బడికి ముందు జావ పోయడం మేలు.

జావ లెక్క

40 మందికి మనిషికి పావు లీటరు చొప్పున పది లీటర్ల మొక్కజొన్న జావ కావాలి. దానికి సన్నరవ్వలాంటి మొక్కజొన్న పిండి కిలో 300 గ్రాములు, నీళ్లు ఎనిమిది లీటర్లు, కొబ్బరిపాలు రెండు లీటర్లు, తీపి కోసం మూడు డబ్బాల కండెన్స్‌డ్ మిల్క్, చెంచాడు ఉప్పు, దాల్చిన ఆకులు, జాజికాయ పొడి. గిన్నె కనీసం పదిహేను లీటర్లది ఉండాలి. చిన్న గిన్నెలో పొంగి పొయ్యి ఆరిపోతుంది. పిండిని నేరుగా మరిగే నీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది, లోపల పచ్చిగా మిగిలి పిల్లలకు కడుపునొప్పి వస్తుంది. ఎనిమిది లీటర్లలో రెండు లీటర్ల చల్లటి నీళ్లు పక్కకు తీసి, అందులో పిండి కలిపి, ఆ తరువాతే మరుగుతున్న నీళ్లలో తిప్పుతూ పోయాలి. సన్నసెగ మీద అరగంట. అడుగంటకుండా తిప్పడానికి మనిషి అక్కడే ఉండాలి.

సాయంత్రానికి ఇదే జావ రోజూ పెడితే పెద్ద పిల్లలు ముఖం తిప్పుకుంటారు. డబ్బా మాకరెల్ చేపతో ఉడికించిన అరటికాయ, కోడి వెన్నుముక్కలతో అన్నం, ‘కలలూ’ అనే ఆకుకూరతో డంప్లింగ్ అనే పిండి ఉండలు వంతులవారీగా పెట్టవచ్చు. కోడి వెన్నుముక్కలు అక్కడ చవక మాంసం, పేదల ఇళ్లలో అలవాటైనది. వేరుశనగ జావ పిల్లలకు ఇష్టమే గానీ, పేరు నమోదు చేసుకునే రోజే అలర్జీ ఉందేమో అడిగి రాసుకోవాలి.

అన్నిటికంటే తరచుగా వంటను ఆపేది నీళ్లు. వాన తగ్గే నెలల్లో కింగ్‌స్టన్‌లో నీటిసంస్థ వేళలు పెట్టి సరఫరా ఆపేస్తుంది. వంటకూ, చేతులకూ, మరుగుదొడ్డికీ కలిపి పిల్లకు రోజుకు ఐదు లీటర్లు అనుకుంటే 40 మందికి 200 లీటర్లు. వెయ్యి లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంటే ఒక పనివారం గడుస్తుంది. ట్యాంకుకు మూత బిగువుగా లేకపోతే డెంగీ దోమ చేరుతుంది. కొత్త కంప్యూటర్లకు దాత దొరికిన క్లబ్బులో ట్యాంకుకు డబ్బు లేకపోవడం అరుదేమీ కాదు.

ఐదు నిమిషాల పరీక్ష

సామాజిక శాస్త్రవేత్త ఓర్లాండో ప్యాటర్సన్ అధ్యక్షతన పనిచేసిన విద్యా సంస్కరణల కమిషన్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రాథమిక విద్య ముగించే పిల్లల్లో 33 శాతం మందికి చదవడం రాదు, 56 శాతం మందికి రాయడం రాదు. ఇవి 2019లో మొదటిసారి జరిగిన ‘పెప్’ (ప్రైమరీ ఎగ్జిట్ ప్రొఫైల్) పరీక్ష ఆధారంగా తేల్చిన లెక్కలు. దేశం మొత్తానికే పరిస్థితి ఇలా ఉంటే, కాల్పులు జరిగిన వారమల్లా బడి మూతపడే పేటల్లో పరిస్థితి ఊహించవచ్చు.

అందుకే హోంవర్క్ సాయం ఒక్కటే సరిపోదు. ఆరో తరగతి పిల్లవాడికి ఆరో తరగతి హోంవర్క్ చేయించడమంటే, చదవడం రానివాడి చేత బోర్డు మీది జవాబు ఎక్కించడమే. మన దేశంలో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ అలవాటు చేసిన పద్ధతి ఇక్కడ నేరుగా పనికొస్తుంది. ఒక్కో పిల్లతో ఐదు నిమిషాలు కూర్చుని అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ వరుసగా చదివించాలి. ఎక్కడ ఆగితే అది ఆమె గుంపు. వయసు చూడకూడదు, తరగతి చూడకూడదు. పన్నెండేళ్ల వాడు ఎనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడతాడు. గుంపులకు స్థాయి పేర్లు కాకుండా జట్ల పేర్లు పెట్టి, పెద్ద పిల్లలకు ఆ గుంపులో పుస్తకాలు పంచే పని అప్పగిస్తే ఆ సిగ్గు కొంత తగ్గుతుంది. పన్నెండు వారాలకోసారి మళ్లీ అదే ఐదు నిమిషాల పరీక్ష పెట్టి గుంపు మార్చాలి.

పిల్లలు ఇంట్లో పట్వా, అంటే ఇంగ్లిష్ నుంచి పుట్టిన జమైకా వాడుక భాష, మాట్లాడతారు, బడి పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంటుంది. ‘త్రీ బాయ్స్’ అని అచ్చయిన చోట పిల్లవాడు ‘ట్రీ బాయ్’ అని చదివితే, అతను అక్షరాలు పోల్చుకున్నాడు, అర్థం పట్టుకున్నాడు, తన ఇంటి భాషలో పలికాడు. అక్కడ ఆపి దిద్దితే మూడో వాక్యానికి నోరు మూసేస్తాడు. చదవడం నేర్చుకునే దశలో దీన్ని తప్పుగా లెక్కించకుండా, రాత పాఠంలో విడిగా నేర్పడం మేలు. బయటి దేశాల నుంచి రెండు వారాలకు వచ్చే వాలంటీర్లు తరచూ పొరబడేది ఇక్కడే.

పదకొండేళ్ల మలుపు

ఏ క్లబ్ హాజరు పట్టీ చూసినా పదకొండు, పన్నెండేళ్ల దగ్గర మగపిల్లల పేర్లు తగ్గుతాయి. ఆ వయసులో వీధిమూల వాళ్లకు పని ఇస్తుంది. పోలీసు జీపు కనిపిస్తే ఈల వేయడం, సంచీ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేర్చడం లాంటివి. చేతికి కొంత డబ్బు, పెద్దవాళ్ల పలకరింపు దొరుకుతాయి. పుస్తకం ఒక్కటే దానికి పోటీ రాదు.

ఆట వస్తుంది. ఫాదర్ హ్యూ షెర్లాక్ 1940లో ట్రెంచ్ టౌన్‌లో మొదలుపెట్టిన బాయ్స్ టౌన్ దీనికి పాత ఉదాహరణ. ఈయన మెథడిస్ట్ పాస్టర్, జమైకా జాతీయగీతం రాసినవారిలో ఒకరు. బడి, క్రికెట్, ఫుట్‌బాల్ మూడూ ఆయన ఒకే గోడ లోపల పెట్టారు. ఆ మైదానం నుంచి వచ్చినవాడే వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ కోలీ స్మిత్. 1955లో ఆస్ట్రేలియాపై తొలి టెస్టులోనే సెంచరీ కొట్టాడు, 1958-59లో భారత పర్యటనకు వచ్చి ఢిల్లీ టెస్టులో సరిగ్గా వంద పరుగులు చేశాడు. అదే ఏడాది ఇంగ్లండులో కారు ప్రమాదంలో పోయాడు. ట్రెంచ్ టౌన్‌లో ఒక రోడ్డుకు ఇప్పటికీ అతని పేరే.

ఆటతో పని జరగాలంటే నియమం సరిగ్గా ఉండాలి. మార్కులు వస్తేనే జట్టులో చోటు అంటే, చదవడం రాని పిల్లవాడు మొదటి నెలలోనే బయటికి పోతాడు, నిజానికి ఆ నియమం ఎవరికోసం పెట్టారో వాడే. వారంలో మూడు రోజులు చదివే గుంపులో కూర్చుంటేనే శనివారం మ్యాచ్ అన్న షరతు పనిచేస్తుంది. కోచే ఆ గదిలో ఒక గుంపు దగ్గర కూర్చుంటే ఇంకా మంచిది.

ఆడపిల్లలు మానేసే దారి వేరు. ఇంట్లో చంటిబిడ్డను చూసుకోవాల్సి వస్తుంది. గదిలో ఒక మూల చాప, నాలుగు బొమ్మలు పెట్టి తమ్ముణ్నో చెల్లినో వెంట తెచ్చుకోనిస్తే చాలామంది మానరు. అయితే ఆరేళ్లలోపు పిల్లలను విడిగా చేర్చుకుని చూసుకోవడం మొదలుపెడితే, దాన్ని శిశు విద్యా కేంద్రంగా నమోదు చేయాల్సి వస్తుంది, ఆ నిబంధనలు వేరు. శానిటరీ ప్యాడ్‌లు అడగకుండా అందేలా మరుగుదొడ్డిలోనే డబ్బాలో పెట్టి ఉంచాలి.

భద్రత: నమ్మకంతో కాదు, నియమంతో

పిల్లలున్న చోటికి వాళ్లను వేటాడే పెద్దవాళ్లు కూడా వస్తారు. వాలంటీరు ఉత్సాహం చూసి మురిసిపోయే క్లబ్బులే ఎక్కువ ప్రమాదంలో పడతాయి. పని చేసే ప్రతి పెద్దమనిషీ పోలీసు రికార్డు పత్రం తేవాలి, విదేశీయులైతే తమ దేశం నుంచి తేవాలి. ఏ పెద్దా ఏ పిల్లతోనూ మూసిన తలుపు వెనక ఒంటరిగా ఉండకూడదు. సొంత కారులో దింపడం, వ్యక్తిగతంగా కానుకలివ్వడం, సొంత ఫోనులో ఫొటోలు తీయడం, రాత్రిపూట మెసేజ్‌లు పెట్టడం ఉండకూడదు. ఇంటికి ఎవరితో వెళ్లాలో నమోదు రోజే రాయించుకోవాలి. ఆ పేరు లేని మనిషి వస్తే, మామ అన్నా సరే, పంపకూడదు.

2004 నాటి బాలల సంరక్షణ చట్టం ప్రకారం, పిల్లలతో పనిచేసేవారికి హింస జరుగుతోందన్న అనుమానం కలిగితే చాలు, తెలియజేయడం చట్టపరమైన బాధ్యత. రుజువు వెతకడం క్లబ్ పని కాదు. బాలల రక్షణ ఏజెన్సీ హెల్ప్‌లైన్ నంబరు 211. పేటలో ‘ఇన్‌ఫార్మర్’ అన్న ముద్ర ప్రాణాంతకం కాబట్టి, ఈ ఫోను పేటలోనే ఉండే వంటమనిషి చేత చేయించకూడదు. బయట నివసించే సమన్వయకర్త ఒకరికి ఆ బాధ్యత ముందే రాతపూర్వకంగా అప్పగించాలి.

కాల్పుల రోజుకు కూడా ముందే నిర్ణయాలుండాలి. ఎవరు ఏ గదిలోకి తీసుకెళ్తారు, కిటికీలు లేని గోడ ఏది, తల్లులకు ఏ నంబరు నుంచి కబురు వెళ్తుంది, మర్నాడు తెరుస్తారా లేదా. అలాంటి వారంలో క్లబ్ ఎంత త్వరగా మళ్లీ తెరుచుకుంటే పిల్లలకు అంత మేలు. బడి మూతపడ్డా జావ పోసిన రోజులే పేట గుర్తుపెట్టుకుంటుంది.

డబ్బు ఎక్కడ తెగుతుంది

2013 చట్టం ప్రకారం సేవాసంస్థలు సహకార, మిత్రసంఘాల శాఖ దగ్గర నమోదు కావాలి. నమోదైతే పన్ను మినహాయింపులు దొరుకుతాయి, బ్యాంకు ఖాతా సులువవుతుంది. ఒక అమెరికన్ డాలరుకు దాదాపు 160 జమైకా డాలర్లు వస్తాయి కాబట్టి బయటి దాతలకు ఖర్చు చిన్నదిగా అనిపిస్తుంది. కానీ దిగుమతి సరుకు ఎక్కువ ఉన్న దేశంలో డబ్బా పాలు, గ్యాస్ బండ చవక కాదు.

విరాళాల సామాను గురించి ఒక మాట. తుపాను తరువాత పాత బట్టలు, పాత కంప్యూటర్లు, బొమ్మలు కంటైనర్లలో వస్తాయి. ఓడరేవులో పత్రాలు సరిగా లేకపోతే నిల్వ రుసుము రోజురోజుకూ పెరుగుతుంది. విడిపించడానికి అయ్యే ఖర్చుతో కింగ్‌స్టన్‌లోనే కొత్త బూట్లు కొనవచ్చు, ఆ డబ్బు స్థానిక దుకాణానికి చేరుతుంది. 220 వోల్టులకు చేసిన పరికరాలు జమైకా ఇళ్లలోని 110 వోల్టులకు పనిచేయవు. భారతదేశం నుంచి పంపే మిక్సీలు, స్టెబిలైజర్లు ఇలాగే మూల పడతాయి.

భవనం కట్టిస్తామనే దాతలు దొరికినంత తేలిగ్గా వంటమనిషి జీతానికి దాతలు దొరకరు. మొదటి ఏడాది ఉత్సాహంతో గడుస్తుంది. రెండో ఏడాది చివర గౌరవ వేతనాలు రెండు నెలలు ఆగుతాయి. అప్పుడు మొదట వెళ్లిపోయేది పేటలోనే ఉండే అమ్మాయి, చిన్న గుంపుకు చదువు చెప్పేది. ఆమెకు సూపర్‌మార్కెట్‌లో ఉద్యోగం దొరుకుతుంది. ఆమె పోయాక పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గాక దాతకు పంపడానికి ఫొటోలు ఉండవు. మూత అక్కడ మొదలవుతుంది.

దీనికి విరుగుడు ఎవరైనా చేయగలిగిందే. తెరవడానికి ముందే పన్నెండు నెలల వేతనాలు, తిండి ఖర్చు బ్యాంకులో ఉండాలి. అంత లేకపోతే 40 మందికి బదులు 15 మందితో మొదలుపెట్టాలి. పెద్ద దాత ఒక్కరి కంటే నెలనెలా చిన్న మొత్తం పంపే యాభై మంది మేలు, ఒకరు మానేసినా పొయ్యి ఆగదు. దాతలకు పంపే నివేదికలో పిల్లల ముఖాలు ఉండకూడదు. ఎన్ని రోజులు తెరిచారు, సగటు హాజరు ఎంత, పన్నెండు వారాల్లో ఎంతమంది పదాల గుంపు నుంచి పేరా గుంపుకు వెళ్లారు అన్న మూడు అంకెలు చాలు.

ఆశ్రమమా, క్లబ్బా

పేద పిల్లలను ఇంటి నుంచి తీసి వసతిగృహంలో పెంచితే మేలన్న ఆలోచన కరీబియన్‌లో పాతది. 1880లో మొదలైన కింగ్‌స్టన్‌లోని ఆల్ఫా బాయ్స్ స్కూలు సంగీతానికి పేరుపొందింది. డాన్ డ్రమ్మండ్, టామీ మెకూక్ లాంటి వాద్యకారులు అక్కడి నుంచే వచ్చారు. అంత పేరున్న సంస్థ కూడా 2014లో వసతి ఆపేసి, పగటిపూట శిక్షణ కేంద్రంగా మారింది. హైతీలో 2010 జనవరి భూకంపం తరువాత అనాథాశ్రమాలకు విదేశీ డబ్బు వెల్లువెత్తింది. అక్కడ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తరువాత తేలింది. తిండికీ ఫీజుకూ లేక అప్పగించిన పిల్లలు వాళ్లు. డబ్బు ఆశ్రమానికి పోతే పిల్లలు ఆశ్రమానికి చేరతారు. అదే డబ్బు మధ్యాహ్నం క్లబ్బుకు పోతే పిల్ల సాయంత్రం తన ఇంటికే తిరిగి వెళ్తుంది.

సాయం చేయదలచినవారు అడగవలసిన మొదటి ప్రశ్న కూడా దీన్నుంచే వస్తుంది: ఈ క్లబ్ తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి? స్థాపకుడి ఒక్కడి దగ్గరే ఉంటే, అతను విమానం ఎక్కిన రోజు క్లబ్ మూత. పేటలో ఉండే ఇద్దరి దగ్గర, స్కూలు ప్రిన్సిపాల్ దగ్గర ఒక్కో జత ఉంటే, సోమవారం రెండున్నరకు ఎవరో ఒకరు తీస్తారు. రెండో ప్రశ్న: గత నెల వేతనాలు అందాయా? ఈ రెండింటికీ సరైన జవాబు వచ్చాకే పుస్తకాల సంగతి మాట్లాడవచ్చు.